వైన్ రైల్లో నాకేం పని?

ప్రశ్న: మాది విజయవాడ. మావారు రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. వచ్చే మార్చికి మా పెళ్ళయి 35 ఏళ్ళు. అప్పటికి అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే మా అమ్మాయి దగ్గర ఉంటాం. పెళ్ళిరోజున మా ఇద్దరినీ 'నాపా వ్యాలీ వైన్ ట్రైన్' అనే రైల్లో డిన్నర్‌కి పంపిస్తామని అమ్మాయి, అల్లుడు పట్టుబట్టి కూర్చున్నారు. వాళ్ళు రారట, మనవణ్ణి కూడా పంపరట. 'మీరిద్దరే వెళ్ళండమ్మా, రొమాంటిక్‌గా ఉంటుంది' అంటోంది. ఆ మాటకే నాకు నవ్వొచ్చింది. నేను గుడ్డు కూడా తినను. మందు వాసనంటేనే పడదు. ఆయనకి షుగర్, నాకు మోకాళ్ళ నొప్పులు. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ మాట్లాడలేను. ఫోర్కులతో తినడం రాదు. ఎదురెదురుగా కూర్చుని మూడు గంటలు ఏం మాట్లాడుకోవాలో తెలీదు. ఇంట్లోనే మేమిద్దరం కలిసి భోంచేసింది తక్కువ. బతుకంతా రైలు మీద గడిపిన మనిషిని మళ్ళీ రైలెక్కించడం ఏం బహుమతి? ఆ డబ్బుతో ఇక్కడే అరకు రైలెక్కి పులిహోర పొట్లం విప్పుకుంటే సరిపోదా? వద్దంటే అమ్మాయి నొచ్చుకుంటుంది. ఏం చెప్పమంటారు?
– ఒక గార్డుగారి భార్య, విజయవాడ

సమాధానం: అమ్మా, వెళ్ళండి. అయితే రాత్రి డిన్నర్‌కి వద్దు, మధ్యాహ్నం భోజనానికి బుక్ చెయ్యమనండి. ఈ ఒక్క మార్పు చేయిస్తే మిగతా భయాలన్నిటికీ ఏదో ఒక దారి ఉంది.

ముందు మధ్యాహ్నం ఎందుకో చెబుతాను. మార్చిలో అక్కడ సూర్యుడు ఆరు నుంచి ఏడున్నర లోపు అస్తమిస్తాడు. ఆ నెల రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేదీని బట్టి అంత తేడా వస్తుంది. సాయంత్రం రైలెక్కితే, సూపు తాగేసరికే బయట చీకటి పడుతుంది. లోపల దీపాలు వెలుగుతుంటే అద్దంలో మీ ముఖాలే కనిపిస్తాయి తప్ప తోటలు కనిపించవు. దృశ్యం కోసం డబ్బు కట్టి అద్దం చూసుకుని రావడం దేనికి? జూన్, జులై నెలల్లో అయితే ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, అప్పుడు సాయంత్రం రైలైనా బాగుంటుంది. మార్చిలో పగలే మేలు. పైగా మధ్యాహ్నం భోజనమైతే ఆయన మాత్రల వేళ తప్పదు, చీకట్లో కారులో తిరిగి రావాల్సిన పనీ ఉండదు. ఫ్రీమాంట్ నుంచి నాపా ట్రాఫిక్ లేకపోతే గంటన్నర లోపే. ట్రాఫిక్ దొరికితే రెండు గంటలు దాటుతుంది.

ఇక ఆ పేరు. 'వైన్ ట్రైన్' అనగానే మీకు ఊళ్ళో బ్రాందీ షాపు ముందు రద్దీ గుర్తొచ్చి ఉంటుంది. నిజానికి అది ఒక కదిలే హోటలు. నాపా ఊళ్ళో స్టేషన్ దగ్గర బయల్దేరి, ద్రాక్షతోటల మధ్యగా సెయింట్ హెలీనా అనే ఊరిదాకా వెళ్ళి అదే దారిలో వెనక్కి వస్తుంది. రానూ పోనూ 36 మైళ్ళు, అంటే 58 కిలోమీటర్లు. దానికి మూడు గంటలు తీసుకుంటుంది. మీవారు లెక్కేస్తే సగటు వేగం గంటకి 20 కిలోమీటర్లు కూడా రాదు. లూప్ లైన్లో పడేసిన గూడ్సు బండి కూడా ఇంతకంటే నయమని ఆయన నవ్వుతారేమో! ఆ నిదానం కావాలని పెట్టుకున్నదే. బల్ల మీద గ్లాసు తొణక్కూడదు కదా. వంట కూడా రైల్లోనే, వంటగది బోగీల్లో చేస్తారు. వైన్ అడిగినవాళ్ళకి పోస్తారు. కొన్ని టికెట్లలో మొదట ఒక గ్లాసు కలిపి ఇస్తారు, దాన్ని వద్దనొచ్చు. అక్కడ 'నో, థాంక్యూ' అంటే రెండోసారి బతిమాలే అలవాటు లేదు. మన పెళ్ళిళ్ళలో లడ్డూ వడ్డించేవాళ్ళలాగా మీదపడి వెయ్యరు.

అయితే ఒక జాగ్రత్త. ఆ రైలుకి రెండు తరహాల టికెట్లు ఉంటాయి. ఒకదాంట్లో మధ్యమధ్య దింపి వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, చూపించి, రుచి చూపించి మళ్ళీ ఎక్కిస్తారు. రెండోది పూర్తిగా రైల్లోనే కూర్చుని భోంచేసేది. మీకు రెండోదే కావాలి. మీ మోకాళ్ళకీ అదే మంచిది, మీ ముక్కుకీ అదే మంచిది. అమ్మాయి హడావుడిలో మొదటిది కొనెయ్యకుండా ముందే చెప్పండి.

మోకాళ్ళ గురించి ఇంకో మాట. ఫోటోల్లో అందరూ చూపించేది విస్టా డోమ్ అనే బోగీ. 1952లో రైలు బోగీలు చేసే పుల్‌మన్ కంపెనీ తయారుచేసింది. పైన మేడలాగా ఉండి, వంపు తిరిగిన గాజు కప్పు కింద కూర్చుంటారు. అందరికంటే ఎత్తులో, ఆకాశం కనిపిస్తూ ఉంటుంది. టికెట్ ధర కూడా దానికే ఎక్కువ. అక్కడికి మెట్లెక్కి వెళ్ళాలి, బాత్రూముకి వెళ్ళాలంటే మళ్ళీ దిగాలి, అదీ కదిలే రైల్లో. మెట్లు పట్టుకుని నెమ్మదిగా ఎక్కగలనంటే అదే తీసుకోండి. ఇంట్లో మేడమెట్లకే ఇబ్బంది పడుతున్నారంటే మాత్రం మామూలు భోజనం బోగీ చాలు. అవీ తక్కువవి కావు. 1915 ప్రాంతంలో కట్టిన పుల్‌మన్ బోగీలు, బాగుచేసి నడుపుతున్నారు. మహాగని చెక్క గోడలు, ఇత్తడి పనితనం, తెల్లటి బల్లగుడ్డలు. నన్నడిగితే రైలు తెలిసిన మనిషికి గాజు మేడకంటే ఈ పాత చెక్క బోగీయే ఎక్కువ ముచ్చట. ఆ టికెట్ తీసుకుంటే బల్ల దగ్గర కూర్చునేది ప్రయాణమంతానా, సగం దూరమేనా అన్నది మాత్రం అమ్మాయిని చూడమనండి. వేరే సోఫా బోగీలోకి మారాల్సి ఉంటే ముందే తెలిస్తే మంచిది. అలాగే నలుగురు కూర్చునే బల్ల మీద ముక్కూ మొహం తెలియని ఇంకో జంట పక్కన పడకుండా, ఇద్దరికే వేసిన బల్ల కావాలని బుక్ చేసేటప్పుడే అడగమనండి. ఆ మాత్రం లేకపోతే అమ్మాయి అనుకున్న 'రొమాంటిక్' కాస్తా బంతిభోజనం అవుతుంది.

'రైలు మనిషికి రైలు ఏం బహుమతి' అన్నారు. నాకు మీ ఉత్తరంలో ఎక్కువ నచ్చిన వాక్యం అదే, ఒప్పుకోనిదీ అదే. గూడ్స్ గార్డు రైలు ప్రయాణం ఎలాంటిదో మీకు చెప్పాలా? రాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు కొడితే లేవడం, గార్డు సామాను పెట్టె, అదే లైన్ బాక్సు, ఎక్కించడం, బండి చివర బ్రేక్ వ్యాన్‌లో ఒక్కరే కూర్చోవడం. మీరు కట్టిచ్చిన క్యారేజీ ఎప్పుడు విప్పుతారో, ఏ స్టేషన్ బయట ఆగినప్పుడు చల్లారిన అన్నం తింటారో ఆయనకే తెలీదు. అదే వేళకి మీరు ఇంట్లో పిల్లలకి పెట్టి, గిన్నెలో మిగిలింది ఒక్కరే తిని ఉంటారు. 35 ఏళ్ళుగా ఆయన భోజనం ఒక చోట, మీ భోజనం ఒక చోట. మీవారు రైల్లో ఎన్నో వేలసార్లు తిని ఉండవచ్చు, కానీ కూర్చున్న చోటికి వేడి అన్నం, అదే, వేడి పళ్ళెం ఎవరైనా తెచ్చి పెట్టడం మాత్రం జరిగి ఉండదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా లెక్క మరోలా ఉంటుంది. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు' అంటాం. మీ ఇంట్లో వడ్డించేదీ మీరే, కడబంతిలో కూర్చునేదీ మీరే. ఆయన తింటుంటే మీరు నిలబడి 'ఇంకాస్త పప్పు వెయ్యనా' అంటారు. మీరు తినే వేళకి ఆయన చెయ్యి కడుక్కుని పేపర్ తీసుకుంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, మన ఇళ్ళు అలా నడిచాయి. ఆ రైల్లో ఇద్దరి పళ్ళేలూ ఒకేసారి వస్తాయి. మీరు లేవడానికి వంటిల్లు ఉండదు. అమ్మాయి 'రొమాంటిక్' అన్నది దీన్నేనని నా అనుమానం. చిన్నప్పటి నుంచీ మిమ్మల్ని వంటింట్లోనూ, నాన్నని లైన్ మీదా చూసిన పిల్ల కదా, ఏం కొనాలో ఆలోచించే కొంటోంది.

ఇప్పుడు మీ తిండి సంగతి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. అమెరికాలో 'వెజిటేరియన్' అంటే మాంసం, చేప లేనిదని మాత్రమే. గుడ్డు, పాలు ఉండొచ్చు. మాంసం ముక్కలు లేకపోతే చాలని కోడి ఎముకలు మరిగించిన నీళ్ళతో చేసిన సూపు కూడా పెట్టేవాళ్ళున్నారు. ఆ నీళ్ళని చికెన్ స్టాక్ అంటారు. రిసోట్టో అనే మెత్తటి అన్నంలాంటి వంటకాన్ని కూడా అందులోనే ఉడికించడం ఉంది. సీజర్ సలాడ్‌లో ఆంకోవీ అనే చేప కలుస్తుంది. పన్నకోటా లాంటి స్వీట్లలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసింది. కేకుల్లో గుడ్డు సంగతి మీకు తెలిసిందే. కొన్ని చీజులు, ముఖ్యంగా పర్మెజాన్, దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వేసి పాలు విరగ్గొట్టి చేస్తారు. దాన్ని కూడా పట్టించుకునేవాళ్ళైతే అది కూడా చెప్పాలి.

ఇవన్నీ చదివి భయపడి మానేస్తారేమో. మానక్కర్లేదు. ముందే చెబితే చేసిపెడతారు. చెప్పాల్సిన వేళ టికెట్ కొనేటప్పుడే. బల్ల దగ్గర కూర్చున్నాక వెయిటర్‌తో చెబితే రైలు వంటింట్లో ఉన్న సరుకుతోనే సర్దాలి, పక్కవీధి కొట్టుకి మనిషిని పంపడానికి కుదరదు. ఇంగ్లీషుకి నోరు తిరగనివాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే ఉపాయం ఒకటుంది. అమ్మాయి చేత ఒక చిన్న కార్డు మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయించుకోండి: మాంసం, చేప, గుడ్డు, చికెన్ స్టాక్, జెలటిన్ ఏవీ వద్దు, పాలు, పెరుగు, వెన్న తింటాను. కూర్చోగానే వెయిటర్ చేతికివ్వండి. ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. పాలు కూడా వద్దనే 'వేగన్' పళ్ళెం తీసుకుంటే గుడ్డు భయం పూర్తిగా పోతుంది గానీ, వెన్న కూడా పోతుంది. మీ ఇష్టం.

రుచి మాటకొస్తే, ముందే చెబుతున్నాను, మీకు చప్పగానే ఉంటుంది. పుట్టగొడుగులో, కాల్చిన కాలీఫ్లవరో, గుమ్మడో పెడతారు. ఉప్పు, మిరియాలు, నిమ్మచెక్క, హాట్ సాస్ అడిగితే ఇస్తారు. ఆవకాయ సీసా మాత్రం బ్యాగులో పెట్టుకెళ్ళకండి. సరే, పెట్టుకెళ్ళినా రైలు ఆగిపోదు గానీ ఆ మూత తీస్తే బోగీ అంతా మీవైపే చూస్తుంది. ఆ చూపులు మీకు ఫర్వాలేదనిపిస్తే మీ ఇష్టం, నేను అడ్డుచెప్పను.

ఫోర్కుల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. పళ్ళేనికి అటూ ఇటూ ఎన్ని ఉన్నా, అన్నిటికంటే బయట ఉన్నదానితో మొదలుపెట్టి, ఒక్కో వంటకానికీ లోపలికి రావడమే. ఎడమవైపు చిన్న ప్లేటు మీ బ్రెడ్డుది, కుడివైపు గ్లాసు మీది. తినడం అయిపోయాక చాకు, ఫోర్కు పక్కపక్కనే పళ్ళెంలో పెడితే తీసుకెళ్ళమని అర్థం. విడివిడిగా పెడితే ఇంకా తింటున్నట్టు. బ్రెడ్డు చేత్తోనే తుంచుకుని తింటారు, కాబట్టి చేత్తో తినడం అక్కడ తెలియని విద్యేం కాదు. అసలు ఎదుటివాళ్ళు ఎలా తింటున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు, అందరూ కిటికీలోంచి ఫోన్లు పెట్టి ఫోటోలు తీసుకుంటూ ఉంటారు.

మీవారి షుగర్ సంగతి దీనికంటే ముఖ్యం. అక్కడ వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి నింపాదిగా వస్తాయి. పన్నెండున్నరకి భోంచేసే అలవాటుంటే అసలు పళ్ళెం వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. భోజనానికి ముందు వేసుకునే మాత్రగానీ, ఇన్సులిన్‌గానీ ఉంటే రైలెక్కే ముందే వేసేసుకోకుండా, తిండి కళ్ళముందుకు వచ్చాకే వేసుకోవడం ఎలా అన్నది బయల్దేరేలోగా డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి. ఆయన ఒక గ్లాసు వైన్ తాగుతానంటే అది ఖాళీ కడుపుతో తాగకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళలో మద్యం షుగర్‌ని ఉన్నట్టుండి పడగొట్టవచ్చు, ఆ నీరసం తాగిన మత్తులా కనిపించి పక్కవాళ్ళు పట్టించుకోరు. ఇది కూడా డాక్టర్‌ని అడగాల్సిందే. మీ బ్యాగులో రెండు గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోండి. స్వీటు చివర్లో వస్తుంది, ఒకటి తెప్పించుకుని ఇద్దరూ పంచుకోండి.

ఆయన తాగితే మీ ఎదురుగా వాసన వస్తుందన్న బాధ ఉంటే, ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. 'ఈ ఒక్కరోజు మానెయ్యండి' అని అడిగే హక్కు మీకుంది. 'సరే, ఒక్క గ్లాసు' అని వదిలే పెద్దరికం కూడా మీకే ఉంది. ఏది చేసినా రైల్లో కూర్చున్నాక మాత్రం ఆ గొడవ మొదలుపెట్టకండి.

ఇంతకీ ఏం కనిపిస్తుంది? దృశ్యం మాటకొస్తే, మీరన్నట్టు, అరకే గొప్ప. కొత్తవలస దాటాక ఆ సొరంగాలు, లోయలు, బొర్రా దగ్గర కొండలు నాపాలో ఉండవు. నాపా ఒక చదును లోయ, 30 మైళ్ళ పొడవు, అటు మాయకామస్ కొండలు, ఇటు వాకా కొండలు, మధ్యలో అంతా ద్రాక్ష. రైలు యౌంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళ పక్కగా పోతుంది. 1879లో పెట్టిన ఇంగిల్‌నుక్, 1966లో వచ్చిన రాబర్ట్ మోండవి లాంటి పేరున్న వైనరీలు ఆ దారి వెంబడే ఉన్నాయి. 1976లో పారిస్‌లో ఫ్రెంచి నిపుణులకి పేర్లు కనపడకుండా గ్లాసుల్లో పోసి రుచి చూపిస్తే, వాళ్ళ దేశపు వైన్లని కాదని ఈ లోయలో తయారైనవాటికే మొదటి స్థానాలిచ్చారు. అప్పటినుంచి ఈ ఊళ్ళ పేరు మారుమోగింది. ఆ దేశంలోనూ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది, అప్పుడు ఈ తోటలు చాలా దెబ్బతిన్నాయి. మన దగ్గర 1995లో వచ్చిన నిషేధం చూసినవాళ్ళకి ఆ కథ సగం చెబితే చాలు, మిగతా సగం తామే ఊహించుకోగలరు.

మార్చిలో వెళ్తే ఒక విషయం ముందే తెలిసుండాలి. ఫోటోల్లో చూసిన పచ్చటి ఆకులు, నల్లటి గుత్తులు ఉండవు. తీగలు కత్తిరించి మోడుల్లా ఉంటాయి, నెలాఖరుకి అప్పుడప్పుడే చిగుళ్ళు వస్తుంటాయి. గుత్తులు కావాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు లోపు వెళ్ళాలి. దానికి బదులు మార్చిలో మీకు దొరికేది ఆవచేలు. అవునమ్మా, మన తాలింపు ఆవాల జాతి మొక్కే. తీగల వరసల మధ్య నేలంతా పసుపుపచ్చగా పూసి ఉంటుంది. అందం కోసం ఒక్కటే కాదు, పూత అయ్యాక దాన్ని నేలలో కలియదున్నేస్తారు. మన రైతులు జీలుగు, జనుము వేసి పచ్చిరొట్టగా దున్నినట్టే. వేళ్ళని తినే నులిపురుగుల్ని కూడా ఆవమొక్క కొంత అణుస్తుందని వాళ్ళ నమ్మకం, వ్యవసాయ శాస్త్రంలోనూ దానికి ఆధారం ఉంది. మీది వ్యవసాయ కుటుంబమైతే ఈ పూలని చూసి ఆ పక్క బల్లలవాళ్ళకంటే ఎక్కువ మీరే అర్థం చేసుకుంటారు.

వాన పడే అవకాశం కూడా ఉంది. కాలిఫోర్నియాలో వానలు చలికాలంలోనే, మార్చిదాకా ఉంటాయి. మంచి చీర కట్టుకుని పైన స్వెటర్ వేసుకోండి. అమ్మాయి 'ప్యాంటు వేసుకోమ్మా' అంటే మీకు ఇష్టమైతేనే. అంచు మరీ నేలకి జీరాడకుండా, జారని చెప్పులో బూట్లో వేసుకుంటే చాలు. ఆయనకి ఇస్త్రీ చొక్కా, ప్యాంటు సరిపోతాయి, టై అక్కర్లేదు.

డబ్బు గురించి నేను మిమ్మల్ని మభ్యపెట్టను. పన్నులు, టిప్పు కలిపితే ఇద్దరికీ వందల డాలర్లలోనే అవుతుంది. రూపాయల్లోకి మార్చి చూస్తే గుండె ఆగుతుంది, అందుకే మార్చకండి. అక్కడ హోటళ్ళలో బిల్లు మీద పద్దెనిమిది నుంచి ఇరవై శాతం దాకా టిప్పు ఇవ్వడం మామూలు. టికెట్లోనే సర్వీస్ ఛార్జీ కలిసిందో లేదో చూసి, ఆ లెక్కంతా అల్లుడినే ముందుగా తేల్చెయ్యమనండి. బిల్లు మీ బల్ల మీదికి రాకుండా చూస్తే మీరు ధర చదివి అన్నం మానెయ్యకుండా ఉంటారు. ఒకవేళ వాళ్ళకి ఉద్యోగాల ఇబ్బంది ఉందని మీకు తెలిస్తే మాత్రం నిస్సంకోచంగా వద్దనండి. ఆ ఇబ్బంది లేనప్పుడు పిల్లలు పెట్టే ఖర్చుని దండగ అని పదిసార్లు అనకండి. ఒక్కసారి అంటే చాలు, అది ఎలాగూ అంటారు.

మిగిలింది మాటలు. మూడు గంటలు ఏం మాట్లాడుకోవాలని అడిగారు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కిటికీ ఉన్నది అందుకే. కానీ ఆయన చేత మాట్లాడించాలంటే ఒక చిట్కా ఇస్తాను. ఆ రైలుని చాలా ఏళ్ళు లాగిన ఇంజన్లు ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైన్‌వి, కెనడాలో తయారైనవి. మన రైల్వేలో 1960ల నుంచి నడిచిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు కూడా ఆల్కో డిజైన్‌వే. మీవారు ఆ పేరు వినని రోజు ఉండి ఉండదు. 'మీ ఆల్కో ఇంజను ఇక్కడికి ఎలా వచ్చిందండీ' అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. పట్టాల మధ్య దూరం మన బ్రాడ్ గేజ్ కంటే తక్కువని కూడా స్టేషన్లోనే కనిపెట్టి చెబుతారు చూడండి.

ఆ లైను కథ కూడా ఆయనకి నచ్చుతుంది. 1860ల్లో శామ్యూల్ బ్రానన్ అనే ధనవంతుడు ఆ లోయలోనే ఉన్న కాలిస్టోగా అనే ఊరి వేడినీటి బుగ్గలకి జనాన్ని చేర్చడానికి ఆ పట్టాలు వేయించాడు. తర్వాత అది సదరన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ చేతికి వచ్చింది, కార్లు వచ్చాక ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి, చివరికి గూడ్సు కూడా తగ్గిపోయి పట్టాలు పీకేసే స్థితి వచ్చింది. అప్పుడు విన్సెంట్ డిడొమెనికో అనే ఆయన కొన్నాడు. 'రైస్-ఎ-రోని' అని బియ్యం, సేమ్యా కలిపిన ప్యాకెట్లు అమ్మిన కుటుంబం వాళ్ళది. ఆ కంపెనీని అమ్మేసి, డెబ్బై దాటిన వయసులో రైల్వే లైను కొనుక్కున్నాడు. ఊళ్ళవాళ్ళు గొడవ చేసినా పట్టు వదలకుండా 1989లో ఈ రైలు నడిపాడు. రిటైరై ఇంట్లో తోచడం లేదనే మగవాళ్ళకి ఈ కథ బాగా పనిచేస్తుంది, కాకపోతే లైను కొంటాననకుండా చూసుకోండి.

ఫోన్ల విషయంలో మాత్రం ఒక నిబంధన పెట్టుకోండి. రైలెక్కగానే ఒక ఫోటో, అమ్మాయికి పంపండి. తర్వాత వీడియో కాల్ వద్దు. మనవడు ఆ తెర మీదికి వచ్చాడంటే మీ ఇద్దరి భోజనం అయిపోయినట్టే.

ఇద్దరి బల్ల దగ్గర ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి తిరిగి కూర్చోవాలి. రైలు వెళ్ళిన దారినే వెనక్కి వస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో ఆ వరస మారిపోతుంది. వెళ్ళేటప్పుడు ముందుకి చూసే కుర్చీ మీరు తీసుకోండి. ఆయనకి బండి చివర కూర్చుని వెనక్కి పోయే పట్టాలు చూడటం అలవాటే, తల తిరగదు. మీకు కదిలే బండిలో వికారం ఉంటే 'మా అమ్మకి ముందుకి చూసే సీటు కావాలి' అని బుకింగ్‌లో ఒక ముక్క రాయమని అమ్మాయికి చెప్పండి. ఆ ఫోను ఈ రోజే చెయ్యండి, మార్చి శనాదివారాల బల్లలు ముందే అయిపోతాయి. వారం మధ్యలో దొరికితే ఇంకా మంచిది, రోడ్డు మీదా రైల్లోనూ రద్దీ తక్కువ ఉంటుంది.